కొంగుముడిలో కార్డు

నాకు ఎవరి మీదా అంత తొందరగా నమ్మకం కుదరదు. ఉదయగిరిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. పాలవాడి కొలత మీద, కండక్టరు ఇచ్చే చిల్లర మీద, పనిగట్టుకుని ఇంటికొచ్చి మెచ్చుకుని పోయే చుట్టం మీద నాకు ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. మా ఆయన ముస్తాక్ లారీ డ్రైవరు. పెళ్లయిన కొత్తలో నా అనుమానాలు చూసి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం మానేసి, నేను అడగకముందే సంజాయిషీ చెప్పేస్తాడు. అలాంటి నన్ను మాత్రం ఊళ్లో ఆడవాళ్లు కళ్లు మూసుకుని నమ్ముతారు. నా ఇల్లు గడిచేది ఆ నమ్మకం మీదే.

నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. మా ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్ల గదిలోకి మగ ఫొటోగ్రాఫరు రాడు. అక్కడ బురఖాలు గోడకు తగిలించి ఉంటాయి, పెళ్లికూతురి జుట్టు విరబోసి ఉంటుంది, ముసలమ్మలు కూడా డోలు ముందేసుకుని పాడుతుంటారు. పదకొండేళ్ల కిందటి దాకా మా వీధిలో అలాంటి గదిని ఫొటో తీసినవాళ్లు లేరు. నన్ను మొదట లోపలికి రానిచ్చింది మస్తాన్‌బీ ఖాలా. చనిపోయిన మా అమ్మకు స్నేహితురాలు, అందుకే నాకు ఖాలా, అంటే పిన్ని; మా వీధి ఆడవాళ్లందరికీ పెద్ద. ఆమె సరేనంటే ఇంకొకరు కాదనరు. తన పెద్దకూతురి పెళ్లికి నన్ను పిలిచి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"తియ్యవే, ఎన్ని కావాలంటే అన్ని తియ్యి. అయితే ఒక్కటంటే ఒక్కటి కూడా నీకాడ మిగలగూడదు."

పెళ్లికూతుర్ని పంపించే వేళకు నేను అందరి ఎదుటా కెమెరా పక్కనున్న బుల్లి తలుపు తెరిచి, ఫొటోలున్న కార్డు తీసి ఖాలా అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని కొంగు చివర ముడేసుకుంది. ఇక అదే పద్ధతి అయిపోయింది. ఎవరింట్లో పెళ్లయినా కార్డు పెళ్లికూతురి తల్లి కొంగులోకి పోవాల్సిందే. నెలకో రెండు నెలలకో ఆ తల్లి ముడి విప్పుకుంటూ మా ఇంటికి వస్తుంది, కంప్యూటరు ముందు నా పక్కనే కూర్చుంటుంది, తనకు నచ్చినవి నా ప్రింటరు మీద తీయించుకుంటుంది, మళ్లీ ముడేసుకుని పోతుంది. పదకొండేళ్లలో నూటికి పైగా పెళ్లిళ్లు చేశాను. నా దగ్గర ఒక్క పెళ్లికూతురి ఫొటో కూడా లేదు. నా పనితనం చూపించుకోవడానికి ఒక ఆల్బమైనా లేదు కదా అని మొదట్లో బాధపడేదాన్ని. తర్వాత అది లేకపోవడమే నా పేరు అని అర్థమైంది.

మొన్న రంజాన్ అయ్యాక నా పాత కెమెరా మొరాయించింది. ఒక పెళ్లిలో మెహందీ మధ్యలో షట్టరు పట్టేసింది, తట్టితే కదిలింది, మళ్లీ పట్టేసింది. పైగా మస్తాన్‌బీ ఖాలా చిన్నకూతురు ముబషిరా నిఖా దగ్గరికొచ్చేసింది. కొత్తది కొనక తప్పలేదు. ఇప్పుడన్నీ మిర్రర్‌లెస్సే, లోపల అద్దం ఉండదు, పాత రకం కంపెనీలు చేయడం మానేస్తున్నాయి అన్నారు. ఉన్నట్టుండి అద్దం ఎందుకు తీసేశారో, అందులో ఎవరి లాభం ఎంతుందో నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. మగవాళ్ల వైపు ఫొటోలు తీసే మాలకొండయ్య అన్న ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

"మన పసుపు పట్టా కంపెనీదే తీసుకోమ్మా సబీనా. నా లెన్సులు నీకు, నీ లెన్సులు నాకు. కొనే పనుండదు."

మేం కంపెనీలను కెమెరా మెడపట్టా రంగుతోనో, లెన్సు మీది గీత రంగుతోనో పిలుచుకుంటాం. ఆయనది పసుపు పట్టా, నాది మొదట్నుంచీ ఎర్ర గీత. ఆయన మంచివాడే, కాదనను. కానీ ఆయన దగ్గర లెన్సులు రెండే ఉన్నాయి, నేను కొనాలనుకుంటున్నది ఆయన దగ్గర లేని మూడో రకం, దాని మీద కన్నేసే వచ్చాడనుకున్నాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకెలా తెలిసిందో అర్థం కాలేదు. అందుకే పసుపు పట్టా జోలికి పోకూడదని ఆ పూటే నిర్ణయించుకున్నాను. యూట్యూబులో చెప్పేవాళ్లయితే మరీ. ప్రతివాడూ ఒకదాన్ని ఆకాశానికెత్తి, వీడియో కింద దాన్నే అమ్మే లింకు పెడతాడు.

నేను నమ్మింది మా నాయన మాట ఒక్కటే. మదార్ సాహెబ్ అంటే చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్లలో పాతవాడు. నలభై ఏళ్లుగా ఉలి పట్టిన చెయ్యి. కొత్త పనిముట్టు కొనేటప్పుడు కళ్లు మూసుకుని అరచేతిలో కాసేపు ఉంచుకుంటాడు, అంతే. నాకూ అదే చెప్పాడు.

"పేర్లు చూడొద్దు. గంటసేపు పట్టుకో. ఏ వేలు ముందు నొప్పెడతాదో చూసుకో."

ఆత్మకూరులో కెమెరాల షాపు బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. నడిపేది హర్ష అనే కుర్రాడు, ఇంకా ముప్పై నిండలేదు. ముస్తాక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు "రండి మేడమ్" అన్నాడు, కూర్చునేసరికి "అక్కా" అయ్యాను. అంత తొందరగా చుట్టరికం కలిపేవాళ్ల దగ్గర నేను బ్యాగు జిప్పు ఒకసారి చూసుకుంటాను.

కౌంటరు మీద మూడు కెమెరాలు పెట్టాడు. ఒకటి మరీ చిన్నది, పట్టుకుంటే నా చిటికెన వేలు కిందికి వేలాడింది. ఇంకొకటి బరువు, ముబషిరా పెళ్లి మూడు రోజులూ మెడలో మోస్తే నా మెడ నాకు మిగలదు. మూడోది ఎర్ర గీతది, చేతిలో కుదురుగా కూర్చుంది. గంటసేపు దాన్ని పట్టుకునే ఉన్నాను. హర్ష రెండుసార్లు టీ తెప్పించాడు. కంటికి ఆనించి చూస్తే కనిపించింది షాపు కాదు, టీవీలో చూపించినట్టు షాపు బొమ్మ. ట్యూబులైటు కింద అసలు కంటే కాస్త తెల్లగా, కాస్త నునుపుగా ఉంది. ఉన్నదాన్ని తెల్లగా చేసి చూపించేది మనిషైనా యంత్రమైనా నాకు గుబులే. దాన్ని తగ్గించమన్నాను, తగ్గించాడు. పైగా ఒక బుల్లి చతురస్రం వచ్చి ముస్తాక్ కంటి మీద వాలింది. అతను ఎటు తిరిగితే అటు తిరిగింది. ఇది నాకంటే అనుమానపు మనిషిలా ఉందే అనుకున్నాను.

"సౌండ్ కూడా రాదక్కా," అన్నాడు హర్ష. "సైలెంట్‌లో పెట్టుకుంటే ఎవరికీ తెలీకుండా తియ్యొచ్చు."

"తెలియాల. నేను తీసేది వాళ్లకి తెలియాల. సౌండు పెట్టు."

అతను వింతగా చూసి, సౌండు పెట్టాడు. టక్‌మంది. పాతదాని అంత గట్టిగా లేదు గానీ, గదిలో వినిపిస్తుంది.

"ఇంకోటక్కా, ఇందులో కార్డుకి రెండు స్లాట్లు. వెడ్డింగ్ చేసేవాళ్లందరూ దీనికోసమే కొంటారు."

"నాకు ఒకటి చాలు."

"ఒక కార్డు పోతే?"

"పదకొండేళ్లుగా పోలేదు."

ఒక స్లాటు ఉన్నది చూపించు అనాల్సింది. కానీ చేతికి కుదిరింది ఇదొక్కటే. రెండోది ఖాళీగా వదిలేస్తే సరిపోతుంది కదా అనుకుని సరేనన్నాను.

అతను మెనూలన్నీ తెరిచి ఏవేవో సెట్ చేస్తూ, నాకు వివరిస్తూ ఉన్నాడు. నేనేమో పెట్టె తిప్పి చూస్తున్నాను. సీలు ముందే తెరిచినట్టు నాకు అనుమానం. పెట్టె మీది నంబరు, కెమెరా అడుగు నంబరు, బిల్లు మీది నంబరు మూడూ కలుస్తున్నాయా లేదా అని ఒక్కొక్క అంకే చూస్తున్నాను. అతను చెప్పేదానికి ఊఁ కొట్టాను. "ఫస్ట్ ఫంక్షన్ అయినాక ఒకసారి తీసుకురండక్కా, చెక్ చేసి ఇస్తాను" అన్నది మాత్రం చెవిన పడింది. పెళ్లి ఫొటోలు తీశాక కెమెరా ఇతని చేతికి ఎందుకివ్వాలి? దాన్ని మనసులో రాసిపెట్టుకున్నాను.

ముబషిరా పెళ్లి బాగా జరిగింది. దుత్తలూరు నుంచి పెళ్లికొడుకు వాళ్లు రెండు బస్సుల్లో వచ్చారు. ఆడవాళ్ల గదిలో కొత్త కెమెరాను చూసి ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు గానీ, ఖాలా నా పక్కన నిలబడేసరికి సర్దుకున్నారు. చిన్నప్పుడు మా గరిటెల పొట్టులో ఆడుకున్న పిల్ల ముబషిరా, పసుపు రాస్తుంటే తల వెనక్కి వాల్చి పడీపడీ నవ్వింది. అది తీశాను. ఖాలా ముసుగు జారిపోయినా పట్టించుకోకుండా డోలు కొట్టింది. అదీ తీశాను. పంపించే వేళకు బుల్లి తలుపు తెరిచి, పై స్లాటులోంచి కార్డు తీసి ఖాలా చేతిలో పెట్టాను. ఆమె ఏడుస్తూనే ముడేసుకుంది. అంత ఏడుపులోనూ ముడి రెండుసార్లు లాగి చూసుకుంది.

ఆరు రోజులయ్యాక, నాయన కొత్త గరిటెల ఫొటోలు కావాలని నెల్లూరు షాపువాళ్లు అడిగారు. నాయన వాకిట్లో వరసగా పేర్చి పెట్టాడు. నేను కెమెరా తీసుకుని పక్కన కూర్చున్నాను. కొత్త కార్డు ఇంకా వెయ్యలేదు. అలవాటు కొద్దీ ఫొటోలు చూసే మీట నొక్కాను.

ముబషిరా నవ్వుతోంది.

నాయనకు కనపడకుండా కెమెరాను ఠక్కున గుండెకు అదుముకున్నాను. లోపలికి పోయి తలుపేసుకుని మళ్లీ చూశాను. మొత్తం తొమ్మిది వందల చిల్లర ఫొటోలు. ముసుగులేని ఖాలా, తడి జుట్టుతో ఖాలా కోడళ్లు, ఒకరి జడ ఒకరు వేసుకుంటున్న పిల్లలు. బుల్లి తలుపు తెరిచి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. కింది స్లాటులో నల్లటి కార్డు, లోపలి నలుపులో కలిసిపోయి, నింపాదిగా కూర్చుని ఉంది.

నా అనుమానం సూటిగా హర్ష మీదికి పోయింది. ఇందుకేనన్నమాట చెక్ చేస్తాను తెమ్మన్నది. మొదటి బస్సుకే ఆత్మకూరు వెళ్లాను. షాపులో ఇద్దరు గిరాకీలున్నా నేను ఆగలేదు.

"నువ్వేందబ్బయా చేసింది? ఎవరడిగినారు నిన్ను ఈ కార్డు పెట్టమని? ఎవరికి చూపించేదానికి పెట్టినావు?"

హర్ష మొహం పాలిపోయింది. "ఫ్రీ కార్డక్కా అది. కింది స్లాటులో వేసి, బ్యాకప్ ఆన్ చేసినాను, తీసిన ప్రతి ఫొటో రెండిట్లో పడతాదని చెప్పినాను గదా. మీరు ఊఁ అన్నారు."

నేను ఊఁ అన్న మాట నిజమే. ఆ ఊఁ అన్నప్పుడు నేను ఏ అంకె దగ్గరున్నానో కూడా గుర్తొచ్చింది.

"చెక్ చేస్తా తెమ్మన్నావే, అదేంది?"

"లెన్సులో దుమ్ము తుడిచేదానికక్కా. కొన్న అందరికీ ఫస్ట్ సర్వీస్ చేస్తాను." గిరాకీల వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా అక్క నవ్యశ్రీ పెళ్లి నేనే తీసినాను. తాళి కట్టేది, తలంబ్రాలు, అంతా ఒకే కార్డు. ఆ కార్డు పోయింది. నాయన అదే ఏడాది పోయినాడు. మా అక్క పక్కన నాయన ఉన్న పెళ్లి ఫొటో ఒక్కటి కూడా లేదు మాకు. అందుకే ఎవరొచ్చినా రెండు స్లాట్లూ పెట్టి పంపిస్తాను. తప్పా?"

నాకు సంజాయిషీలు నచ్చవు. అవి నిజమైనప్పుడు మరీ నచ్చవు. ఈ కుర్రాడి భయమల్లా ఫొటో పోతుందని, మా ఆడవాళ్ల భయం ఫొటో మిగులుతుందని. ఇద్దరి మధ్యా కూర్చుని నేను అంకెలు లెక్కపెట్టుకున్నాను. తప్పు నాది. అతనికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. తప్పు కాదులే అని మాత్రం గొణిగి బయటపడ్డాను.

ఇంటికొచ్చేసరికి ముస్తాక్ లారీ దిగి అన్నం తింటున్నాడు. అంతా విన్నాడు.

"దీనికింత ఎందుకు? డిలీట్ కొట్టేసెయ్. ఎవరికి తెలుస్తాది?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. అంత బాగా నచ్చిందనే అనుమానం వచ్చింది. డిలీట్ మీట మీద బొటనవేలు పెట్టి కూర్చున్నాను. ఇన్నేళ్లూ పాలవాణ్ని, కండక్టర్నీ, మాలకొండయ్య అన్ననీ చూసి నేను అనుకున్నది సరిగ్గా ఇదే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని ఉంటాడు అని. ఇప్పుడు ఆ వేలు నాది. తుడిచేస్తే ఖాలాకు తెలియదు, నిజమే. కానీ రేపు ఇంకో పెళ్లిలో ఆమె నా పక్కన నిలబడి "మా సబీనా ఉండాదిలే" అని నలుగురికీ చెబుతుంది. ఆ మాట వింటూ నేను నిలబడలేను.

కార్డు, కొత్త కెమెరా, పాత కెమెరా మూడూ తీసుకుని ఖాలా ఇంటికి వెళ్లాను. ఆమె చేటలో కందిపప్పు ఏరుకుంటోంది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వేళ్లు పప్పు మీదే ఆగిపోయాయి.

"ఇన్నేళ్లూ ఇట్టనేనా?" అంది.

"లేదు ఖాలా. దీంట్లో ఒకటే ఉండాది, చూడు." పాత కెమెరా తలుపు తెరిచి ఆమె ముందు పెట్టాను. ఒకే ఒక్క సందు. ఆమె దాన్ని చూసింది, కొత్తదాన్ని చూసింది. కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మూడోది యాడుండాది?"

"మూడోది లేదు ఖాలా."

"రెండోది ఉండాదని మొన్న నీకే తెలీదు గదా." కింద ఉన్న మూతను గోటితో మీటింది. "ఇదేంది?"

"బ్యాటరీ."

"ఇది?"

"వైరు పెట్టేది."

"వైరులోంచి ఫొటో పోదా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ నేను అబద్ధం చెప్పకుండా ఉండటానికే వచ్చాను. "పోతాది ఖాలా. వైరు పెడితే పోతాది. నేను పెట్టలా."

ఆమె కెమెరాను చాప మీద పెట్టేసింది. కార్డు తీసుకుని కొంగున ముడేసుకుంది. తిడుతుందని కాచుకుని ఉన్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు," అంది చివరికి. "ఇప్పుడు చెప్పినావు. నేను ఎట్టా నిదరపోయేది? మా పెద్దదాని పెళ్లికాడ్నుంచి ఒక్కోటీ మళ్లీ తలుచుకోవాల్నా?"

మూడో రోజు ఖాలా చెల్లెలి ఇంటి నుంచి కబురొచ్చింది. వచ్చే నెల వాళ్ల కూతురి నిఖా, ఫొటోలు నేనే తీసేట్టు ముందే మాట్లాడుకున్నారు. ఇప్పుడేమో ఆడవాళ్ల వైపు ఫొటోలే వద్దనుకున్నాం అన్నారు. కారణం వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత ఇంకో ఇంటివాళ్లు అలాగే అన్నారు. వీధిలో నన్ను చూస్తే "ఏమే సబీనా" అని పలకరించే ఆడవాళ్లు, ఇప్పుడు నా చేతిలో బ్యాగు ఉందేమో చూసి ముసుగు సర్దుకుంటున్నారు. కూరగాయల సంచి చూసి కూడా సర్దుకున్నారు. ఊరందర్నీ అనుమానించినదాన్ని నేను, నన్ను ఊరు అనుమానిస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ తెలియలేదు. చర్మం మీద ఎవరో వేలు పెట్టి వెతుకుతున్నట్టు ఉంటుంది. ఇంటికొచ్చి కూరగాయలు గట్టు మీద పడేసి బాగా ఏడ్చాను.

నాయన ఏడుపు ఆగేదాకా ఊరుకుని, కెమెరా తెమ్మన్నాడు. బుల్లి తలుపు తెరిచి, కింది సందులో గోరు పెట్టి చూశాడు.

"దీన్ని మూసేదానికి లేదా?"

"లేదు నాయనా. రెండోది వాడొద్దని లోపల సెట్టింగు పెట్టుకోవచ్చు."

"ఆ సెట్టింగు మస్తాన్‌బీకి కనపడతాదా?"

"కనపడదు."

"అయితే దాంతో పనేముండాది? ఖాళీగా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి పెడతావనే అనుకుంటారు. నిండిపోయుంటే ఇంగ పెట్టేదానికే చోటుండదు." ఒక పాత కార్డు అడిగి తీసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడంతా గరిటెలు పక్కన పెట్టేశాడు. గోరంత చెక్కముక్కను అరగదీయడం, కార్డు పక్కన పెట్టి చూడటం, మళ్లీ అరగదీయడం. మొదటిది విరిగింది, రెండోది లావైంది, మూడోది సందులో వదులుగా ఆడింది. నాలుగోది సర్రున పోయి, చివర్లో కిటుక్కుమని కూర్చుంది. అంచు మీద గోటికి అందేలా చిన్న గాడి కూడా పెట్టాడు. లేత రంగు చెక్క, లోపలి నలుపులో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కెమెరా ఆన్ చేశాను. రెండో స్లాటులో కార్డు లేదు అని చూపించింది.

ముందొకసారి కనుక్కుందామని హర్షకు ఫోన్ చేశాను.

"చెక్కా అక్కా? లోపల పిన్నులుంటాయి. వారంటీ పోతాది."

"పోతే పోనీ."

"కార్డు కరప్ట్ అయితే..."

"తెలుసబ్బయా. మీ అక్క పెళ్లి సంగతి నాకు గుర్తుండాది. ఆ పొద్దు నీ మీద అరిచినాను, అది నా తప్పే." ఆ ముక్క ఎట్టకేలకు బయటపడింది. అతను చెక్క మరీ బిగుతుగా ఉండకూడదని, పొట్టు రాలకుండా నున్నగా ఉండాలని రెండు జాగ్రత్తలు చెప్పాడు.

నేను ఆ చెక్కను ఎవరికీ చూపించలేదు. వెళ్లి చూపిస్తే బతిమాలినట్టు ఉంటుంది, బతిమాలేవాళ్లంటే నాకే అనుమానం. నాయన ఏం చేశాడో నాకు తెలియదు, మసీదు దగ్గర ఎవరితోనైనా అన్నాడేమో. ఆ చెల్లెలి కూతురి నిఖాకు నాలుగు రోజుల ముందు మస్తాన్‌బీ ఖాలా నన్ను పిలిపించింది.

"నెల్లూరు నుంచి ఒకామె వస్తానన్నది," అంది, కూర్చోమని కూడా అనకుండా. "ఆమె కెమెరాలో ఎన్ని ఉండాయో నాకేం తెలుసు. ఉన్నా ఆమె చెప్పదు. నువ్వు చెప్పినావు. పెళ్లినాడు తెల్లారే రా, కెమెరాతో రా. ముందు నేను చూడాల."

పెళ్లి రోజు గది నిండా ఆడవాళ్లు. ఖాలా నన్ను మధ్యలో నిలబెట్టి కెమెరా తీసుకుంది. తలుపు తనే తెరిచింది. కింది సందులో చెక్కను చూసి, గోటితో గాడి పట్టుకుని బయటికి లాగింది. వెలుతురుకు పెట్టి చూసింది, గోరుతో గీకింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పక్కనున్న చెల్లెలికిచ్చింది, ఆమె ఇంకొకామెకిచ్చింది. ఆ చెక్క గదంతా తిరిగొచ్చింది. ఖాలా దాన్ని మళ్లీ సందులో పెట్టి, కిటుక్కుమనేదాకా నొక్కి, "ఇంగ తియ్యి" అంది.

రోజంతా తీశాను. కెమెరా టక్‌మన్నప్పుడల్లా ఖాలా తల దాని వైపు తిరిగింది. మొదట్లో ఎవరూ ముసుగు తీయలేదు. మధ్యాహ్నానికి పిల్లలు తీశారు, సాయంత్రానికి ముసలమ్మలు కూడా డోలు ముందేసుకున్నారు. పెళ్లికూతురు అత్తగారింటికి బయలుదేరే వేళకు బుల్లి తలుపు తెరిచి, పై స్లాటులోంచి కార్డు తీసి, ఖాలా చెల్లెలి అరచేతిలో పెట్టాను. ఆమె కొంగు అందుకోబోతుంటే ఖాలా చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండోది కూడా ఇయ్యి."

"అది చెక్క ఖాలా. పొద్దున నువ్వే గీకి చూసినావు గదా."

"చెక్కే. నాకు తెలుసు. అయినా ఇయ్యి. నీకాడ ఒక్కటి కూడా మిగలగూడదు."

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నాకు కోపం రావాలి, నా స్వభావానికి రావాల్సిందే. కానీ పదకొండేళ్ల కిందట ఆమె నాతో అన్న మాట ఇదే. అప్పుడు దాన్ని నమ్మకం అనుకున్నాను. అదీ అనుమానమేనని, ఆ అనుమానంతోనే ఆమె నన్ను లోపలికి రానిచ్చిందని ఇప్పుడు తెలిసింది. ఆమె చోట నేనున్నా చెక్కను వదిలేదాన్ని కాదు.

గోటితో గాడి పట్టి చెక్కను బయటికి లాగి ఆమెకిచ్చాను. ఖాలా కార్డునూ చెక్కనూ కలిపి తన చెల్లెలి కొంగుకు ఒకే ముడి వేసింది. రెండుసార్లు లాగి చూసింది. అప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, ఆ రోజంతటిలో మొదటిసారి నా మొహం చూసింది.

"వచ్చే నెల దుత్తలూరులో మా ఆడపడుచు మనవరాలి పెళ్లి ఉండాది. నువ్వే రావాల. వచ్చేటప్పుడు కొత్త చెక్క తెచ్చుకో."

నాయన ఇప్పుడు గరిటెల మధ్యలో పెళ్లికొకటి చెక్కుతున్నాడు.